వాల్వు నాదము – ట్రాన్సిస్టరు నాదము

పాత వాల్వు రేడియో మాట వచ్చినప్పుడెల్ల మన పెద్దలు పలుకునది ఒక్కటే: "ఆ గొంతులోని తీపి ఈ కొత్త పెట్టెలలో లేదు." పరభాషాప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములకు, వీధిలో వినబడని తెలుగుమాటను ఇంటిలోనికి తెచ్చినది ఆ పెట్టెయే. కావున ఆ తీర్పును తేలికగా త్రోసివేయరాదు. కాని అభిమానము వేరు, విమర్శ వేరు. ఆ తీపి యెక్కడిదో విచారింపవలసియున్నది.

1906లో లీ డి ఫారెస్టు మూడు ధ్రువముల వాల్వును రూపొందించెను. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలయందు ట్రాన్సిస్టరు పుట్టినది. ఆంప్లిఫయరులో రెండింటి పనియు నొక్కటే: చిన్న విద్యుత్తరంగమును పెద్దదిగా జేయుట. భేదము అవి చేయు తప్పులలో నున్నది. ఏ ఆంప్లిఫయరైనను మూలములో లేని స్వరములను కొంత చేర్చును. ఇంటి రేడియోలలోవలె ఒక్క వాల్వే స్పీకరును నడుపునప్పుడు అది ముఖ్యముగా రెట్టింపు స్వరమును జోడించును. అనగా మధ్యస్థాయి షడ్జమునకు తారస్థాయి షడ్జము తోడగును. శ్రుతిలోనే యుండుటచే అది దోషముగా గాక నిండుదనముగా దోచును. మూడింతల స్వరము తారస్థాయి పంచమము. అదియు శ్రుతికి హితవే. ఏడింతల స్వరము మాత్రము కైశికి నిషాదమునకు కొంత దిగువగా నిలిచి ఎచటను కుదురుకొనదు. తొలినాటి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులలో, తరంగము సున్నను దాటుచోట కలిగిన వంకర ఇట్టి దూరపు స్వరములను పుట్టించినది. శక్తికి మించి హెచ్చించినచో వాల్వు మెల్లగా వంగును. ట్రాన్సిస్టరు ఒక్కసారిగా తరంగశిఖరమును కోసివేయును. కనుక ఆనాడు పెద్దలు విన్న గరుకుదనము భ్రమ కాదు.

కాని ఆ దోషములు చాలవరకు తొలగినవి. 1985లో బాబ్ కార్వరు, స్టీరియోఫైల్ పత్రికవారితో పందెము వేసి, తన ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరును సవరించి, వారెంచిన ఖరీదైన ఆంప్లిఫయరువలె పలికించెను. ఆ విమర్శకులు భేదమును పట్టజాలకపోయిరి. నాదపు రంగు ఫలానా పరికరమునకే సొంతము కాదనియు, తెలిసినవాడు దానిని కలిపి చూపగలడనియు దీనివలన తేలుచున్నది.

ఇక 'మల్లీశ్వరి' పాటలను దలచుకొందము. 1951లో వెలువడిన ఆ చిత్రపు కాలమున ధ్వనిముద్రణ యంత్రములు వాల్వులతో నడచినవే. ఆ రంగు పాటలోనే ఇమిడియున్నది. మంచి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు దానిని ఉన్నదున్నట్లు వినిపించును. వాల్వు పెట్టె దానిపై మరియొక పూత పూయును. ఆ పూత నచ్చుట రుచి. అదియే సత్యమనుట పొరపాటు.

సందేహము గలవారు ఇంటిలోనే పరీక్షింపవచ్చును. ఒకే స్పీకరునకు రెండింటిని మార్చి మార్చి కలిపి, ధ్వనిని సమముగా నుంచి, తెరచాటున పలికింపుడు. బిగ్గరగా పలుకునది మేలైనదిగా దోచుట చెవికి సహజము గనుక సమత్వము తప్పనిసరి. తాతగారిని, మనుమరాలిని కలిసి వినుమనుడు.

పాత పెట్టెను భద్రముగా నుంచుకొందము. కాని తీపి యంతయు దానిలోనే యుండెనని పిల్లలతో ననినచో, వారు విను తెలుగుపాటను మనమే చప్పన చేసినవారమగుదుము. ఆ తీపిలో హెచ్చుభాగము గాయకునిది, మాటది. అది వారి చెవులకును అందుచునే యున్నది.