తెలిసిన పదంలోని సందిగ్ధత: 'అణుభారం' – ఒక పాలిమర్ పేటెంటు వివాదం

పారిభాషిక పదాల చర్చ తెలుగులో ఎక్కువగా కొత్త మాటల కల్పన చుట్టూ తిరుగుతుంది. అందరికీ తెలిసిన పదమే చిక్కు తెచ్చిపెట్టగలదనడానికి, హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా ప్రతివాదుల్లో ఒకటిగా నిలిచిన కోపాక్సోన్ వ్యాజ్యం నిదర్శనం. ఆ మందులోని కోపాలిమర్-1 నాలుగు అమైనో ఆమ్లాలతో ఏర్పడిన గొలుసుల మిశ్రమం. దాని అణుభారం 5 నుంచి 9 కిలోడాల్టన్లని టెవా సంస్థ పేటెంటు పేర్కొన్నది. అది ఏ సగటో చెప్పలేదు.

నీటి అణుభారం 18 అంటే సందేహానికి తావులేదు. పాలిమర్‌లో గొలుసులన్నీ ఒకే పొడవున ఉండవు. 4,000 డాల్టన్ల గొలుసులు తొమ్మిది, 24,000 డాల్టన్ల గొలుసు ఒకటి ఉన్నాయనుకుంటే సంఖ్యా సగటు 6,000, భార సగటు 12,000, శిఖర విలువ 4,000. ఒకే పదార్థం ఒక లెక్కన పేటెంటు హద్దుల్లో ఉంటుంది, తక్కిన రెండు లెక్కల్లో బయట పడుతుంది.

జిల్లా న్యాయస్థానం నిపుణుల సాక్ష్యాన్ని నమ్మి శిఖర విలువనే గ్రహించింది. 2013లో ఫెడరల్ సర్క్యూట్ దాన్ని తోసిపుచ్చి, పదం అనిశ్చితమన్నది. ఒక శాస్త్రపదాన్ని ఆ రంగంవారు ఎలా గ్రహిస్తారన్నది వాస్తవాంశమనీ, అందులో జిల్లా న్యాయస్థానం నిర్ణయాన్ని స్పష్టమైన పొరపాటు ఉంటే తప్ప మార్చరాదనీ అమెరికా సుప్రీంకోర్టు 2015 జనవరిలో 7-2 మెజారిటీతో తీర్పునిచ్చింది. నిఘంటుకారుడికి ఇది ప్రియమైన వాక్యమే. అర్థం వాడుకలో ఉంటుందన్న మాటకు న్యాయస్థానం వేసిన ముద్ర అది.

అయినా ఆ ఏడాది జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ 2-1తో మళ్ళీ అనిశ్చితమనే తేల్చింది. ఈ నిర్ణయమే సమంజసంగా తోస్తుంది. 'సైంధవం' భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుర్రం. ప్రకరణం అర్థాన్ని నిర్ణయిస్తుందని మన ఆలంకారికులు చెప్పినదే. ఇక్కడ ప్రకరణమే రెండుగా చీలింది. అదే కుటుంబానికి చెందిన రెండు పేటెంట్ల పరిశీలనలో టెవా ఒకచోట భార సగటనీ, మరొకచోట శిఖర విలువనీ వివరణ ఇచ్చుకున్నది. వక్తే రెండు మాటలాడినప్పుడు శ్రోత నైపుణ్యం సాయపడదు. జిల్లా న్యాయస్థానం ఈ వైరుధ్యానికి తగిన బరువు ఇవ్వలేదు.

తెలుగు పాఠ్యపుస్తకాల 'అణుభారం' తప్పు మాట కాదు. నీటికీ ఉప్పుకూ అది చాలు. పాలిమర్ల ఆరోపంలో మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిన పదకోశం టెవా పేటెంటు చేసిన పనే చేస్తుంది. సంఖ్యా సగటు, భార సగటు, శిఖర విలువ అక్కడ ఉపారోపాలుగా చేరాలి.