మాయాబజార్ వర్ణప్రతి: మూలపాఠ విచారము

మాయాబజార్ చిత్రమును రంగులలోనే తీసిరా యను ప్రశ్నను మా తరగతిలో ఒక విద్యార్థి లేవనెత్తెను. తాను దానిని రంగులలోనే చూచితిననియు, కావున అది వర్ణచిత్రమే యనియు అతని వాదము. తక్కినవారు నవ్విరి. కాని యది నవ్వి విడువదగిన ప్రశ్న కాదని మాకు తోచినది. తాళపత్రమును చూడక ముద్రితప్రతిని మాత్రమే చదివినవాడు పరిష్కర్త సవరణను కవిప్రయోగమని భ్రమించుట మనమెఱుగనిది కాదు.

ముందుగా నిర్వివాదాంశములను పేర్కొందుము. విజయా సంస్థ నిర్మింపగా కె. వి. రెడ్డి దర్శకత్వమున ఈ చిత్రము 1957 మార్చి 27న విడుదలయ్యెను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. చిత్రము ఆద్యంతము నలుపు తెలుపులలోనే తీయబడినది. కంప్యూటరు సాయమున రంగులు కూర్చిన ప్రతి 2010లో వెలువడినది. అందు శబ్దమును గూడ నూతనపద్ధతికి మార్చిరి. కొన్ని పాటలను, పద్యములను విడిచిరి.

ఆ కాలమున రంగులు లేవు గనుక చిత్రము నలుపు తెలుపులలో నున్నదనుట మాత్రము సరికాదు. హిందీలో కిసాన్ కన్య 1937లోనే రంగులలో వచ్చెను. తమిళమున అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం 1956లో వచ్చెను. తెలుగున సంపూర్ణ వర్ణచిత్రమైన లవకుశ 1963లో వెలువడినది. కావున విడుదల సంవత్సరమొక్కటియే ప్రమాణము కాజాలదు.

ప్రేక్షకుని జ్ఞాపకమును ప్రమాణము కాదు. దూరదర్శన్ రంగుల ప్రసారము 1982లో ఆరంభమైనది. ఆ పిమ్మటను పెక్కిండ్లలో నలుపు తెలుపు టెలివిజన్లే యుండెను. వానియందు లవకుశను చూచినవారికి అది రంగులు లేని చిత్రముగనే గుర్తుండును. నేటి విద్యార్థికి మాయాబజార్ రంగుల చిత్రముగ గుర్తుండును. ఇరువురును అసత్యమాడుట లేదు; ఇరువురును చూచినది మూలము కాదు.

ఇక వర్ణప్రతిని సమర్థించువారి ముఖ్యవాదమును పరిశీలింతము. నాడు సెట్టుపై వస్త్రములకు, ఆభరణములకు రంగులుండెను గదా, వానినే కంప్యూటరు మరల వెలికి దెచ్చినదని వారందురు. మొదటి మాట సత్యము. రెండవది దాని నుండి సిద్ధింపదు. నలుపు తెలుపు ఫిల్ము వెలుగు హెచ్చుతగ్గులను మాత్రమే నిలుపుకొనును. ఒకానొక ఎఱుపును, ఒకానొక ఆకుపచ్చయు దానిపై ఒకే బూడిదఛాయగ పడవచ్చును. ఆ ఛాయను చూచి అది యే రంగునకు చెందినదో నిర్ణయించు సాధనము ఫిల్ములో లేదు. నాటి వస్త్రమే దొరకినచో దాని రంగు తెలియును గాని, ఆ జ్ఞానము ఫిల్ము వెలుపలిది. కావున రంగులు వేయుట పునరుద్ధరణము కాదు, వ్యాఖ్యానము.

ఈ భేదము పేరునకు సంబంధించినది మాత్రమే కాదు. నౌకావిహార గీతమున బార్ట్లే కల్పించిన వెన్నెలను చూడుడు. నీటిపై తళుకును, ముఖములపై మెత్తని వెలుగును చుట్టునున్న చీకటివలననే బలము పొందినవి. అచట తెలుపు ఒక రంగు కాదు, వెన్నెలయే. రంగు ప్రవేశింపగనే చూపు వెలుగును విడిచి వస్త్రములపైకి మరలును. బార్ట్లేకు రంగుల చిత్రణము చేతకాక కాదు. 1965 నాటి మలయాళ వర్ణచిత్రము చెమ్మీన్ ఆతని పనియే. నలుపు తెలుపులకు వెలుగు నమర్చుట వేఱు, రంగులకు అమర్చుట వేఱు. మాయాబజార్‌లో ఆతడు మొదటిదానిని చేసెను.

వర్ణప్రతి నిష్ప్రయోజనమని మా యభిప్రాయము కాదు. అది పాత చిత్రమును క్రొత్తతరము కడకు చేర్చినది. అది మంచి వ్యాఖ్యాత చేయు పనియే. కాని వ్యాఖ్యానము మూలము స్థానమున కూర్చుండరాదు. పాటలను, పద్యములను తగ్గించిన ప్రతిని చూచి మాయాబజార్ రచనాశిల్పమును విమర్శించువాడు, పద్యములు లోపించిన ప్రతిని చూచి కావ్యమును విమర్శించినవాడే యగును.

కావున పరిశోధక విద్యార్థులు తాము చూచినది 1957 నాటి రూపమో, 2010 నాటి ప్రతియో మొదటనే తెలుపవలెను. శశిరేఖ చీర రంగును బట్టి పాత్రచిత్రణమును వివరింపబూనినవారికి ఈ నియమము మఱింత యవసరము. మా విద్యార్థికి మేము చెప్పిన సమాధానము నిదియే: సెట్టుపై రంగులుండెను, చిత్రమున లేవు, నీవు చూచినవి తరువాతివారు వేసినవి.