నవ్వు కూడా జీతంలోదే

రెండేళ్ల క్రితం, అప్రైజల్స్ టైములో, మా టీమ్‌లో ఒకమ్మాయి గురించి నేనొక వాక్యం రాశాను. పని బాగా చేస్తుంది కానీ మీటింగుల్లో ఇంకాస్త పాజిటివ్ ఎనర్జీ చూపించాలి అని. రాసేటప్పుడు మంచి సలహా ఇస్తున్నాననే అనుకున్నాను. ఫారమ్ చదువుకుని ఆమె నా దగ్గరికి వచ్చింది. కోపంగా ఏం లేదు. "చివరి లైన్‌లో నా పని గురించి ఏం లేదన్నా, నా మొహం గురించే ఉంది" అంది. నేనేదో సర్దిచెప్పాను. ఆమె నవ్వేసి వెళ్లిపోయింది. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది. నేను ఫారమ్‌లో అడిగింది అదే కదా, అక్కడికక్కడే ఇచ్చేసింది.

ఆర్లీ హోక్‌షిల్డ్ రాసిన ‘ద మేనేజ్డ్ హార్ట్’ నేను చదివింది ఆ తర్వాత కొన్ని నెలలకి. ముందే చదివుంటే ఆ వాక్యం రాసేవాణ్ణి కాదని గొప్పలు చెప్పను. రాసేవాణ్ణేమో, కానీ ఇంకాస్త సిగ్గుపడుతూ రాసేవాణ్ణి.

ఈ పుస్తకం 1983లో వచ్చింది. హోక్‌షిల్డ్ అమెరికన్ సోషియాలజిస్టు. ‘ఎమోషనల్ లేబర్’ అనే మాట లోకంలోకి వచ్చింది ఈ పుస్తకంతోనే. మనం భావశ్రమ అనుకుందాం. ఈమధ్య ఆ మాట రీళ్లలో కూడా వినబడుతోంది. ఇంట్లో అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకోవడం దగ్గర్నుంచి స్నేహితురాలి బ్రేకప్ కథ వినడం దాకా అన్నిటికీ అదే పేరు పెట్టేస్తున్నారు. మాటని మరీ సాగదీస్తున్నారని 2018లో ఒక ఇంటర్వ్యూలో ఆవిడే అభ్యంతరం చెప్పారు. ఆవిడ ఉద్దేశంలో అది చాలా కచ్చితమైన మాట. జీతం కోసం, సంస్థ పెట్టిన రూలు ప్రకారం, అవతలి మనిషిలో ఒక భావం కలిగించడానికి మన భావాన్ని మనం దిద్దుకోవడం. రూలు ఎవరిది, లాభం ఎవరికి అన్న రెండు ప్రశ్నలూ తీసేస్తే ఆ మాటకి పదును పోతుంది.

పుస్తకం మొదట్లో ఆవిడ తన చిన్నతనం చెబుతారు. అమ్మానాన్నలు అమెరికా విదేశాంగ సర్వీసులో చేరారు. పన్నెండేళ్ల పిల్ల విందులో అతిథులకి వేరుశెనగ పప్పుల పళ్లెం అందిస్తూ, తల ఎత్తి వాళ్ల నవ్వుల్ని చూస్తుంది. అతిథులు వెళ్లిపోయాక అమ్మానాన్నలు ఎవరి నవ్వుకి ఏం అర్థమో మాట్లాడుకుంటారు. తాను పళ్లెం అందించింది ఒక మనిషికా, ఒక దేశానికా అని ఆ పిల్లకి అనుమానం వస్తుంది. పుస్తకమంతా ఆ అనుమానమే పెరిగి పెద్దదైంది అనిపిస్తుంది నాకు.

ఆ అనుమానాన్ని వెంటబెట్టుకుని ఆవిడ అట్లాంటాలో డెల్టా ఎయిర్‌లైన్స్ వాళ్ల ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్లారు. అక్కడ ఎయిర్ హోస్టెస్‌లకి నేర్పేది నవ్వడం ఒక్కటే కాదు, ఆ నవ్వు మనసులోంచి రావడం ఎలాగో కూడా. విమానం లోపలిని మీ ఇంటి ముందుగది అనుకోండి, వచ్చినవాళ్లు మీ అతిథులు. ఎవరైనా అరిచారా? పాపం ఆయనకి ఇంట్లో ఏం కష్టం వచ్చిందో అనుకోండి. అప్పుడు మీకు కోపం రాదు. కోపం రాకపోతే దాచుకోవాల్సిన పనీ ఉండదు.

ఇక్కడే ఆవిడ రెండు రకాల నటనని విడదీస్తారు. ఒకటి పైపై నటన: లోపల మండుతున్నా మొహం మీద నవ్వు. రెండోది లోపలి నటన: మంటనే మార్చేసుకోవడం. ఈ రెండోదానికి ఆవిడ రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ దగ్గరికి వెళ్లారు. మనకి అంతదూరం వెళ్లక్కర్లేదు. ఆంగికం, వాచికం, ఆహార్యం ఎన్ని ఉన్నా సాత్వికం లేకపోతే అభినయం నిండదని కూచిపూడి నేర్చుకునే పిల్లలకీ తెలుసు. కానీ నటుడు రంగు కడుక్కోగానే ఆ భావం దిగిపోతుంది. పైగా చూసేవాళ్లకి అది నాటకమని తెలుసు. ఉద్యోగంలో ఈ రెండు వెసులుబాట్లూ లేవు. చూసేవాళ్లు అది నిజమనుకోవాలి. చేసేవాళ్లు అలసిపోయేదాకా దిగకూడదు.

పుస్తకంలో ఒక ముచ్చట ఉంది. ఒక ప్రయాణికుడు ఎయిర్ హోస్టెస్‌ని ఎందుకు నవ్వడం లేదని అడుగుతాడు. ముందు మీరు నవ్వండి, తర్వాత నేను నవ్వుతానంటుందామె. ఆయన నవ్వుతాడు. అయితే ఇప్పుడు పదిహేను గంటలు అలాగే ఉండండి అంటుంది. చదివి గట్టిగా నవ్వాను. ఆ ప్రయాణికుడి సీట్లో కూర్చున్నది నేనేనని కాసేపటికి తట్టింది.

అలాగని ఇది నవ్వుల గురించి మాత్రమే రాసిన పుస్తకం కాదు. విమానంలో వినయం ఎలా సరుకో, బాకీలు వసూలు చేసేవాళ్ల దగ్గర కఠినత్వం అలాంటి సరుకే. ఒకరు కస్టమర్‌ని పైకెత్తాలి, ఇంకొకరు కిందికి దింపాలి. బాకీపడ్డ మనిషి మీద జాలి కలిగినా దాన్ని నొక్కేసుకోవాలి. రెండుచోట్లా ఉద్యోగి తనకి నిజంగా ఏమనిపిస్తోందో వినడం మానేయాలి. హోక్‌షిల్డ్ వాదనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఇదే. ఆవిడ దృష్టిలో భావం ఒక సంకేతం. కళ్లూ చెవుల్లాగే అది మనకి సమాచారం ఇస్తుంది. ఇక్కడ ఏదో తేడాగా ఉంది అని కోపం చెబుతుంది. మా భాషలో చెప్పాలంటే అది అలర్ట్. రాత్రి రెండింటికి మోగుతోందని అలర్ట్‌ని మ్యూట్ చేస్తే మనకి నిద్ర పడుతుంది, సర్వర్ మాత్రం బాగుపడదు.

1983 తర్వాత ఈ ఆలోచనని మనస్తత్వ శాస్త్రవేత్తలు అందుకున్నారు. నా అసలు పేచీ ఇక్కడ మొదలవుతుంది. అలిసియా గ్రాండీ 2000లో రాసిన వ్యాసం భావశ్రమని ఎమోషన్ రెగ్యులేషన్ సిద్ధాంతంతో ముడిపెట్టింది. పైపై నటననీ లోపలి నటననీ కొలిచే ప్రశ్నావళులు వచ్చాయి. 2011లో హూల్‌షెగర్, షేవె అనే ఇద్దరు 95 అధ్యయనాల ఫలితాల్ని ఒకచోట చేర్చి చూశారు. మొత్తం మీద తేలింది ఇదీ: పైపై నటన ఎక్కువ ఉన్నచోట అలసట, ఉద్యోగం మీద అసంతృప్తి ఎక్కువ. లోపలి నటనకి అలాంటి నష్టంతో పెద్దగా సంబంధం కనబడలేదు, పైగా కస్టమర్ల సంతృప్తితో మంచి సంబంధం కనబడింది.

ఇవి కష్టపడి సాధించిన ఫలితాలు, వీటిని తీసిపారేయలేం. నిజానికి హోక్‌షిల్డ్ వాదనకి ఇవి గట్టి సవాలు. లోపలి నటనే మనిషిని ఎక్కువ దోచుకుంటుందని ఆవిడ భయపడ్డారు, లెక్కలేమో అదే తక్కువ బాధ పెడుతుందంటున్నాయి. అయితే ఏ ప్రశ్నకి ఇది జవాబు? ఎవరికి ఎక్కువ అలసట వస్తోంది అన్న ప్రశ్నకి. ఆవిడ అడిగింది వేరు: నా భావం మీద హక్కు ఎవరిది? అలర్ట్‌ని శుభ్రంగా మ్యూట్ చేసుకున్నవాడు హాయిగానే ఉన్నానని ప్రశ్నావళిలో టిక్ పెడతాడు. ఆ టిక్ అబద్ధం కాదు. అతనికి తెలియకుండా పోయినదాన్ని మాత్రం ఆ గడి పట్టుకోలేదు.

ఈ ఫలితం ట్రైనింగ్ హాల్ దాకా వచ్చేసరికి ఇంకా చిన్నదైపోతుంది. "నటించకండి, నిజంగా ఫీలవ్వండి" అనే సలహాగా మిగులుతుంది. అంటే హోక్‌షిల్డ్ అట్లాంటాలో చూసి ఉలిక్కిపడ్డ పద్ధతే ఇప్పుడు ఆరోగ్య సూత్రమైపోయింది.

వ్యక్తిత్వ పరిశోధనకీ ఇదే గతి పట్టింది. నా వాక్యాన్ని సమర్థించుకోవడానికి నేనూ ఒకప్పుడు దాన్ని ఆశ్రయించాను, కలుపుగోలుతనం ఉన్నవాళ్లు బాగా పనిచేస్తారని రుజువైంది కదా అని. తీరా చూస్తే, ఈ రంగంలో ఎప్పుడూ ఉదహరించే బారిక్, మౌంట్‌ల 1991 విశ్లేషణ చెప్పేది అది కాదు. అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో స్థిరంగా ముడిపడింది శ్రద్ధగా, పద్ధతిగా పనిచేసే గుణం. కలుపుగోలుతనం అక్కరకొచ్చింది ముఖ్యంగా మేనేజర్, సేల్స్ ఉద్యోగాల్లో. మా అమ్మాయి చేసేది సేల్స్ కాదు. నా వాక్యానికి సైన్స్ కూడా సాక్ష్యం చెప్పదన్నమాట.

బర్నౌట్ కథ కూడా చూడండి. క్రిస్టినా మాస్లాక్, సూజన్ జాక్సన్ 1981లో దాన్ని కొలిచే స్కేలు ప్రచురించారు. ఆ తర్వాత మాస్లాక్, మైకేల్ లైటర్ కలిసి దాని మూలాలు ఎక్కడ వెతకాలో ఆరు చోట్లు చూపించారు: పని భారం, పని మీద అదుపు, ప్రతిఫలం, తోటివాళ్లు, న్యాయం, విలువలు. ఆరూ ఆఫీసుకి సంబంధించినవే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నౌట్‌ని జబ్బుగా కాదు, వృత్తికి సంబంధించిన పరిస్థితిగా వర్గీకరించింది. మనకి అందేదేమో మెడిటేషన్ యాప్, శుక్రవారం యోగా. పని భారం ఆఫీసుది, ప్రాణాయామం మనది.

అయితే తప్పంతా సైకాలజీ మీద వేస్తే అన్యాయం. ఇదే గ్రాండీ 2015లో మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసంలో, ఎలాంటి భావం చూపించాలో శాసించే రూల్స్‌నే ఎత్తేయాలని ప్రతిపాదించారు. లెక్కలు కట్టినవాళ్లే తిరిగి హక్కు గురించిన ప్రశ్నకి వచ్చారు. మా ఆఫీసుల దాకా ఆ వ్యాసం రాలేదంతే.

హోక్‌షిల్డ్‌తో కూడా నాకు పేచీలున్నాయి. సంస్థ చేయి పడకముందు మనలో ఒక అచ్చమైన భావం ఉండేదన్నట్టు ఆవిడ కొన్నిచోట్ల రాస్తారు. కానీ పెళ్లిలో సంతోషంగా ఉండాలి, చావుకి ఏడవాలి అనే రూల్స్ సమాజం ముందే పెట్టిందని చెప్పిందీ ఆవిడే. ఆ రెండిటికీ పొత్తు పూర్తిగా కుదరలేదు. ఇంకోటి, ఆవిడ లెక్కలో ఉద్యోగి ఎప్పుడూ పోగొట్టుకునేవాడే. షారన్ బోల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు దీన్ని గట్టిగా విమర్శించారు. ఉద్యోగులు తమ భావాల్ని నేర్పుగా నడిపించుకోగలరు, రూలు అడగని దయని కానుకగానూ ఇవ్వగలరు అని ఆవిడ వాదన. అది నిజమని నాకూ తెలుసు. నాన్నకి ఆపరేషన్ అయిన రాత్రి ఒక నర్సు, డ్యూటీ దిగిపోయాక కూడా, అమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ పావుగంట ఏ రూలు పుస్తకంలోనూ ఉండదు. అయితే అదే పావుగంటకి ఫీడ్‌బ్యాక్ ఫారమ్‌లో నక్షత్రాలు పెట్టి, అవి తగ్గితే ఇంక్రిమెంట్ కోస్తామంటే అది కానుకగా మిగలదు. బోల్టన్ చెప్పిన కానుకని కాపాడుకోవాలంటే కూడా హోక్‌షిల్డ్ ప్రశ్నే కావాలి.

చివరిగా, నన్ను పట్టుకుని వదలని అధ్యాయం ఆడవాళ్ల గురించినది. ఒకే యూనిఫాం, ఒకే జీతం ఉన్నా మగ ఉద్యోగి మాటకి ప్రయాణికులు త్వరగా తగ్గుతారు. ఎయిర్ హోస్టెస్ మీద మాత్రం కోపం ధారాళంగా కుమ్మరిస్తారు. హోదా అనే కవచం ఆమెకి లేదంటారు హోక్‌షిల్డ్. అది చదివి నేను ఆ ఏడాది రాసిన అప్రైజల్స్ అన్నీ తెరిచి చూశాను. అదే టీమ్‌లో ఒకతను ఉన్నాడు. మీటింగుల్లో నోరు విప్పడు, నవ్వడు. అతని గురించి నేను రాసిన మాట ‘ఫోకస్డ్’.

ఇంతకంటే పెద్ద పుస్తక సమీక్ష నేను రాయలేను.

2012లో కొత్త ముందుమాటతో ఈ పుస్తకం మళ్లీ వచ్చింది. కాల్ సెంటర్లో పేరు మార్చుకుని మాట్లాడినవాళ్లు, రిసెప్షన్లో నిలబడేవాళ్లు, అప్రైజల్ రాసేవాళ్లు, రాయించుకునేవాళ్లు చదవండి. సిద్ధాంత చర్చ బరువనిపిస్తే ఎయిర్ హోస్టెస్‌ల అధ్యాయాలు ముందు చదివి వెనక్కి రండి.

ఈ సంవత్సరం ఫారమ్‌లో కూడా ‘యాటిట్యూడ్’ అనే గడి ఉంది. ఖాళీగా వదిలేద్దామని చూశాను, అది నింపకపోతే సబ్మిట్ అవ్వదు. అందుకే అందులో ఆమె చేసిన పనే రాశాను: రిలీజ్ డేట్‌కి పని పూర్తవ్వదని మూడు వారాల ముందే మీటింగ్‌లో చెప్పింది, ఆమె చెప్పినట్టే అయింది. చెప్పేటప్పుడు మొహం ఎలా పెట్టిందో రాయలేదు.