పాలు పట్టిన సోంపు

పావుకిలో సోంపు కొని డబ్బాలో పోసుకుంటే ఇంటికి నెలల తరబడి వస్తుంది. గుజరాత్‌లో ఊంఝా మార్కెట్ నుంచి బస్తాలకు బస్తాలు దిగుతుంటే, ఆ గింజ కోసం పెరట్లో ఐదు నెలలు చెట్టును సాకడం లెక్క చూస్తే దండగే. అయినా నేను ఏటా వేస్తాను. ఎండిన సోంపు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. పచ్చి సోంపు మాత్రం చెట్టు ఉన్నవాళ్లకే.

సిద్దిపేటలో దీనికి అదను ఒక్కటే. సద్దుల బతుకమ్మ, దసరా దాటి, తెల్లవారుజామున కాస్త చల్లగాలి తగలడం మొదలైనప్పుడు విత్తాలి. అంతకుముందు వేస్తే ముసురుకు మొలక కుళ్లిపోతుంది. మరీ ఆలస్యం చేస్తే గింజ కట్టే వేళకు ఎండలు ముదురుతాయి. పూత, గింజ దశల్లో దీనికి చల్లటి పొడి వాతావరణం కావాలి. గుజరాత్, రాజస్థాన్ రైతులు రబీలో పండించేది అందుకే. మన చలి శివరాత్రికి సెలవు తీసుకుంటుంది కాబట్టి తొందర మనదే.

విత్తనానికి మసాలాలో వాడే లావు సోంపు తీసుకోండి. భోజనం తర్వాత నమిలే సన్న ఆకుపచ్చ రకాన్ని లేతగా ఉన్నప్పుడే కోస్తారు గనుక అది సరిగా మొలవదు. రాత్రి నానబెట్టి, వేలి కణుపులో సగం లోతున, చోటు మార్చే పని లేకుండా ఎక్కడ పెరగాలో అక్కడే వేయాలి. తల్లివేరు నేరుగా కిందికి దిగే మొక్క ఇది, పీకి నాటితే అలుగుతుంది. కుండీ అయితే అడుగున్నర లోతైనా ఉండాలి. మొలక రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఈలోగా ఏమీ రాలేదని మట్టి గెలికేవాళ్లు కొందరుంటారు. వాళ్లను పెరట్లోకి రానివ్వకండి.

నడుమెత్తు పెరిగాక అందరూ అడిగేది ఒకటే. కూరగాయల గంప దించి నీళ్లడిగిన అవ్వ కూడా చెట్టును ఎగాదిగా చూసి, "సోయకూర గింత ముదురనిచ్చినవేంది బిడ్డా?" అంది. తప్పేం లేదు, రెంటి ఆకూ దారప్పోగుల్లాగే ఉంటుంది, పూలూ పసుపే. నలిపి వాసన చూస్తేనే తేడా తెలుస్తుంది. సోయకూరది ఘాటు, దీనిది తీపి. పసిపిల్లలకు పట్టే గ్రైప్ వాటర్ వాసన గుర్తుందా? అది సోయకూర గింజల నూనెదే. 1851లో ఇంగ్లండ్‌లో వుడ్‌వర్డ్ తయారు చేసిన ఆ మందు మన ఊళ్ల మెడికల్ షాపుల్లో ఇప్పటికీ ఉంది.

విదేశీ వంటల్లో ఆనిస్ అని వినిపించేది సోంపుకు దగ్గరి చుట్టం. మధ్యధరా సముద్రం తూర్పు తీరాన పుట్టిన మొక్క, సుమారు రెండు మూడడుగులు పెరుగుతుంది, తెల్లపూలు పూస్తుంది. బిర్యానీలో వేసే అనాసపువ్వు మాత్రం ఈ కుటుంబమే కాదు, చైనా, వియత్నాం వైపు పెరిగే చెట్టు కాయ. అయినా మూడింటి పరిమళానికీ మూలం అనెథోల్ అనే ఒకే పదార్థం. గ్రీకుల ఊజో అనే సారాలో నీళ్లు పోయగానే పాలలా తెల్లబడేది కూడా దానివల్లే. మద్యంలో కరిగే ఆ నూనె నీళ్లలో కరగదు మరి. ఆనిస్ సంగతి ఎలా ఉన్నా, మన పెరటికి సోంపే నయం.

పూత వచ్చిందంటే పేనుబంక కూడా వచ్చినట్టే. లేత కాడల మీద జిగురుగా గుంపు కడుతుంది. మందు కొట్టే ముందు అక్షింతల పురుగులు ఉన్నాయేమో చూడండి, ఉంటే రెండు మూడు రోజులు వాటికి వదిలేయొచ్చు. లేకుంటే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. పొద్దున చేయొద్దు, అది తేనెటీగల వేళ.

ఇక అసలు సంగతి. పూలగొడుగులో రేకులు రాలాక గింజ ఉబ్బుతుంది. ఒంటిమీద గీతలు తేలి, ఇంకా గట్టిపడక ముందు, గోటితో నొక్కితే సన్నగా తడి ఊరుతుంది. పాలు పట్టిందంటాం కదా, అప్పుడు తుంపి నోట్లో వేసుకోవాలి. ముందు చెరుకు తీపి, వెనకే చల్లదనం, చివర నాలుక కొసన చిన్న చురుకు. ఎండిన గింజలో ఈ మూడూ కలిసిపోయి ఒక్క వాసనగా మిగులుతాయి. పచ్చి గింజలో పీచూ ఉండదు, పళ్లలో ఇరకదు.

ఈ పచ్చి గింజల్ని అల్లంతో దంచి చాయ్‌లో వేస్తే ఏలకులు అడగరు. మజ్జిగలో ఉప్పుతో నలిపి వేసుకోవచ్చు. మటన్ కూర దించే ముందు గుప్పెడు వేస్తే మసాలా బరువు తగ్గుతుంది. ఆకును పెసరపప్పులో వేయొచ్చు కానీ, నిజం చెప్పాలంటే పప్పుకు సోయకూరే పైచేయి.

గొడుగులన్నీ ఒకేసారి పక్వానికి రావు. నట్టనడి కొమ్మది ముందు, పక్కవి వెనక. మూడు నాలుగు విడతలుగా కోసి, నీడలో గుడ్డ మీద ఆరబెడితే ఆకుపచ్చ రంగు నిలుస్తుంది, ఎండలో వేస్తే పసుపుబారిపోతుంది. నడి కొమ్మ గొడుగును మాత్రం ముట్టుకోకుండా చెట్టుకే ముదరనివ్వండి. వచ్చే దసరాకు విత్తనం అదే.