మోటారు గదిలో ఆ కాసేపు

శివరాత్రి దాటగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: స్విమ్మింగ్ పూల్ ఎప్పుడు తెరుస్తున్నారు? చలికాలమంతా మూతపడి, ఆకులు రాలి, అడుగున పాచి పట్టిన నీళ్లు వారం తిరిగేసరికి నీలంగా మెరవాలని పిల్లలున్న ప్రతి ఇంటికీ తొందర. ఆ తొందరంతా చివరికి వెళ్లి పడేది సెల్లార్‌లోని మోటారు గది మీద. మా అసోసియేషన్‌లో పూల్ బాధ్యత నాది. నెలల తరబడి ఆగిన పంపుకు స్విచ్ వేయడం ఆ రోజు చేసే పనుల్లో ఆఖరిదని అందరికీ చెబుతూనే ఉంటాను.

మొదట చూడాల్సింది కరెంటు. సెల్లార్ తేమ మోటారు వైండింగ్‌లోకి చేరి ఉంటుంది. మెయిన్ ఆపి, టెర్మినళ్ల దగ్గర సప్లై లేదని టెస్టర్‌తో రూఢి చేసుకుని, వైండింగ్‌కీ మోటారు బాడీకీ మధ్య ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టాలి. రీడింగు ఒక మెగాఓమ్ కన్నా తక్కువుంటే ఆ మోటారును ఆరబెట్టాలి తప్ప తిప్పకూడదు. ఎర్తింగ్ వైరు బిగువుగా ఉందో, తుప్పు పట్టి ఊడిపోయిందో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఆ తర్వాత ఆర్‌సీసీబీ. ప్యానెల్‌లో ఎంసీబీ ఉంది కదా, ఇంకా ఇదెందుకు అని మీటింగుల్లో అడుగుతారు. ఎంసీబీ కాపాడేది వైర్లను. పదహారు ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించిన కరెంటు పారితేనే పడిపోతుంది. తడి ఒంటితో ఉన్న మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అంత చిన్న లీకేజీని పసిగట్టి రెప్పపాటులో సప్లై కోసేస్తుంది. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. సప్లై ఉన్నప్పుడు నొక్కితే టక్కున పడాలి. పడకపోతే ఆ పూటకు పని అక్కడితో ఆగాలి.

ఇక పంపు సంగతి. మా పూల్ చూసుకునే కుర్రాడిది పాలమూరు. బోరు మోటార్ల దగ్గరే పెరిగినవాడు. స్ట్రెయినర్ మూత తీసి, బుట్టలోని చెత్త దులిపి, ఆ మూతకుండే రబ్బరు రింగును గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూస్తాడు. "ఒక్క ఇసుక పలుకున్నా సాలు సార్, గాలి గుంజుతది" అంటాడు. నిజమే. నీళ్లు లాగాల్సిన పంపు గాలి లాగిందంటే లోపలి సీల్ కాలిపోతుంది. కార్బన్, సిరామిక్ ముఖాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరిగే ఆ సీల్‌ను చల్లబరిచేది నీళ్లే. అందుకే పూల్ నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం వరకు ఉండాలి, స్ట్రెయినర్ కుండను నిండా నీళ్లతో నింపాలి, సక్షన్ వాల్వులు, రిటర్న్ వాల్వులు తెరిచి ఉండాలి. ఫ్యాను వైపు నుంచి షాఫ్టు చేత్తో తిరుగుతోందో లేదో సప్లై లేనప్పుడే చూసుకోవాలి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇసుక ఫిల్టర్ ట్యాంకు. ఖాళీగా ఉన్న ట్యాంకులోకి పంపు నీళ్లు తోస్తుంటే లోపలి గాలికి దారి లేక నొక్కుకుపోతుంది. నీటిని నొక్కితే పెద్దగా కుంచించుకోదు కానీ గాలి అలా కాదు, ఎంత నొక్కితే అంత బలం దాచుకుంటుంది. మూత బిగింపులో లోపముంటే ఆ బలానికి మూత ఎగిరి మనిషి తలకు తగులుతుంది. పైనున్న ఎయిర్ వాల్వు ముందే తెరిచి పెట్టి, ట్యాంకు పక్కన ఎవరూ లేకుండా చూసి, ప్యానెల్ దగ్గర నుంచి స్విచ్ వేయాలి. బుసలు కొట్టే గాలి పోయి సన్నటి నీటిధార నిలకడగా వచ్చాక వాల్వు మూయాలి. ఫిల్టర్‌లో నీటి దారి మార్చే మల్టీపోర్ట్ హ్యాండిల్‌ను పంపు ఆపకుండా తిప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బ్యాక్‌వాష్, రిన్స్, ఫిల్టర్: మూడింటి మధ్య ప్రతిసారీ పంపు ఆగాల్సిందే. శుభ్రమైన ఫిల్టర్ మీద గేజి ఎంత చూపిందో గోడ మీద రాసి పెట్టుకుంటే చాలు, దానికి అర బార్ పైకెక్కినప్పుడు మళ్లీ బ్యాక్‌వాష్ చేయొచ్చు.

త్రీఫేజ్ మోటారైతే ఇంకో మెలిక ఉంది. బయట లైన్ల పని జరిగాక ఫేజులు మారి మోటారు ఉల్టా తిరగొచ్చు. అలా తిరిగినా నీళ్లు కొద్దో గొప్పో వస్తాయి కాబట్టి మోసపోతాం. మోటారు మీది బాణం గుర్తు చూసి, క్షణంపాటు తిప్పి, దిశ సరిచూసుకోవాలి.

ఇదంతా జరుగుతున్నంతసేపు నీళ్లలో ఎవరూ ఉండకూడదు. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ అడుగునున్న డ్రెయిన్ లాగేసిన బలానికి అతుక్కుపోయి చనిపోయింది. మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు ఆ పాప. ఇలాంటి ప్రమాదాలను ఆపే చట్టం కావాలని తల్లి పట్టుబట్టింది, పాప పేరుతోనే అది 2007లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం అక్కడి పబ్లిక్ పూల్స్‌లో సురక్షితమైన డ్రెయిన్ మూతలు తప్పనిసరి. ఒకే డ్రెయిన్ ఉన్న పూల్‌లో పిల్లవాడి ఒళ్లు దాన్ని మూసేస్తే పంపు బలమంతా అక్కడే పడుతుంది. రెండు డ్రెయిన్లు ఎడంగా ఉంటే ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతుంది.

క్లోరిన్, యాసిడ్ పంపే డోసింగ్ మిషన్లు పెట్టుకున్నవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. మెయిన్ పంపు ఆగినా డోసింగ్ ఆగకపోతే ఆ రెండూ పైపులో కలిసి విషవాయువు పుడుతుంది, పంపు తిరిగి వేయగానే ఈదేవాళ్ల మధ్యకు వస్తుంది. పంపుతో పాటే డోసింగ్ ఆగేలా వైరింగ్ ఉండాలి.

టైల్స్‌కు, రంగు లైట్లకు లక్షలు పెట్టడానికి వెనకాడని అసోసియేషన్లు ఆర్‌సీసీబీ, రెండో డ్రెయిన్ అనేసరికి కొటేషన్ తగ్గించమంటాయి. అది తప్పు. ఈ వేసవిలో పిల్లల్ని పూల్‌కు పంపే ముందు ఒక్కసారి మోటారు గదికి వెళ్లండి. టెస్ట్ బటన్ నొక్కి చూపించమనండి. డ్రెయిన్ మూతకు మరలన్నీ ఉన్నాయా అని అడగండి. చూపించలేకపోతే ఆ రోజు పిల్లల్ని నీళ్లలోకి దింపకండి.