నల్లమలలో విడిది ఎవరిది?

'గ్లాంపింగ్' అనే మాట ఈమధ్య మన అడవుల దాకా వచ్చింది. పడుకునేది గుడారంలోనే, కానీ లోపల మంచం, పరుపు, పక్కనే స్నానాల గది ఉండాలి. అడవి కంటికి కనబడాలి, అడవిలో బతకడంలోని కష్టం మాత్రం ఒంటికి తగలకూడదు. దీనికి తోడు ఇంకో రెండు మాటలు వినిపిస్తాయి: ప్రశాంతత, ప్రకృతికి హాని చేయని బస. శ్రీశైలం చుట్టూ ఉన్న నల్లమలలో ఈ మాటలు దేన్ని చూపిస్తున్నాయి, దేన్ని దాస్తున్నాయి అన్నది మనం పట్టించుకోవాల్సిన విషయం.

ముందు మంచి చెప్పుకుందాం. ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే దారిలో బైర్లూటి, నంద్యాల - గిద్దలూరు దారిలో పచ్చర్ల దగ్గర అటవీ శాఖ జంగిల్ క్యాంపులు ఉన్నాయి. దోర్నాల - శ్రీశైలం దారిలో తుమ్మలబైలు సఫారీ ఉంది. అయిదు నక్షత్రాల హోటళ్లతో పోలిస్తే ఇవి చిన్నవే. వంటలో, సఫారీలో, దారి చూపే పనిలో చెంచులు ఉన్నారు. ఊరు విడిచి వలస పోకుండా నెలకు నాలుగు రూపాయలు చేతికొస్తే ఆ కుటుంబానికి అది చిన్న సంగతి కాదు. ఏ పిట్ట ఎక్కడ కూస్తుందో, అడుగుజాడ ఏ జంతువుదో చెప్పగలిగే పిల్లవాడికి ఆ చదువు వల్ల గౌరవం దక్కడం ఇంకా మంచిది. కాబట్టి అడవిలో విడిది ఉండకూడదని నా వాదన కాదు. దాని గేటు ఎవరి చేతిలో ఉండాలన్నదే ప్రశ్న.

విడిదికి వచ్చినవాళ్లు డబ్బిచ్చి కొనుక్కునేది ముఖ్యంగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎట్లా మిగిలింది? నాలుగు గుడిసెల పెంటలు వేసుకుని, దుంపలు, తేనె, బంక, కాయలతో తరతరాలు గడిపినవాళ్లు ఆ అడవిలో ఉన్నందువల్ల మిగిలింది. కొండ చరియకు తాడు కట్టుకుని దిగి తేనె తీసేటప్పుడు కూడా పట్టు మొత్తం కోయకుండా ఈగలకు కొంత వదిలేవాళ్ల వల్ల మిగిలింది. ఇవాళ పులి జాడలు చూసేవాళ్లుగా, కాపలాదారులుగా అటవీ శాఖ దగ్గర రోజుకూలికి తిరుగుతున్నదీ చాలావరకు వాళ్లే. అయినా అటవీ పథకాల భాషలో చెంచు మేక 'ఒత్తిడి', చెంచు పొయ్యిలోకి తెచ్చుకున్న కట్టె 'ఒత్తిడి'. పట్నం నుంచి వచ్చిన జీపు, జనరేటరు, రాత్రి సరదాకి వేసిన నెగడు మాత్రం 'ఎకోటూరిజం'. ఒకే అడవి, ఒకే కట్టె, రెండు పేర్లు. విమర్శ మొదలవ్వాల్సింది ఇక్కడే.

చెంచును చూపించి చెంచును దాచడం కొత్త కాదు. శ్రీశైలం మల్లన్న వేటగాడై వచ్చి చెంచు పిల్లను పెళ్లాడాడని, అందుకే ఆయన చెంచు మల్లయ్య అని మనవాళ్లు చెప్పుకుంటారు. అహోబిలం నరసింహస్వామి కథా అదే. నల్లమల రెండు కొసల్లో ఉన్న ఇద్దరు దేవుళ్లూ చెంచుల అల్లుళ్లే. ఈ కథను తెలుగు సినిమా 1943లో ఒకసారి, 1958లో ఒకసారి 'చెంచులక్ష్మి' పేరుతో తీసింది. అడవి పిల్ల అందం, ఆట, పాట తెర నిండా ఉంటాయి. ఆమె వాళ్ల భూమి సంగతి ఏ కథలోనూ రాదు. అల్లుడికి గుడి కట్టారు, అత్తగారిల్లు గుడిసెగానే ఉండిపోయింది. విడిది గోడ మీద విల్లంబులు పట్టుకున్న చెంచు బొమ్మ వేస్తే అది కూడా అదే వరసలో చేరుతుంది. బొమ్మకు కూలి ఇవ్వనక్కరలేదు, అభిప్రాయం అడగనక్కరలేదు.

పాత రోజుల్లో లెక్క వేరుగా ఉండేది. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం పోయే కాలిబాట ఇప్పటికీ ఉంది. శివరాత్రికి, ఉగాదికి వేలమంది, ముఖ్యంగా కన్నడ దేశపు భక్తులు, ఆ దారిన నడుస్తారు. కనుమ దారులకు చెంచులు కావలి ఉండేవారనీ, యాత్రికుల దగ్గర రుసుము తీసుకునేవారనీ బ్రిటిష్ కాలపు రాతల్లో ఉంది. అంటే పరాయివాడు అడవిలో ఒక రాత్రి క్షేమంగా గడపడానికి ఆధారమైన ఏర్పాటు అప్పుడే ఉంది, దాని రుసుము చెంచుకు చేరింది. ఇవాళ టిక్కెట్టు ఉంది, పుస్తకం ఉంది, ఆన్‌లైన్ బుకింగు ఉంది. చెంచుకు చేరేది కూలి. రుసుము హక్కుగా వచ్చేది. కూలి ఇంకొకరు పిలిస్తే వస్తుంది, వద్దంటే ఆగిపోతుంది. వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా జంతువుల కోసం పర్యాటకం ఆపుతారు. ఆపడం సబబే. ఆ మూడు నెలలు వంటమనిషి ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలన్నది కూడా విడిది లెక్కలో ఉండాలి గదా.

చట్టం సంగతి చూస్తే మన చిక్కు ఇంకా తెలుస్తుంది. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ 1/70 చట్టం, పెసా వర్తిస్తాయి. ఇవతల శ్రీశైలం, ఆత్మకూరు, దోర్నాల వైపు చెంచు గూడేలకు ఆ రక్షణ లేదు. అదే అడవి, అదే జనం, మధ్యలో ఏరు. అడవి అంచున పట్టా భూమి కొని ఎవరైనా గుడారాలు వేస్తే అడ్డుకోవడానికి ఇక్కడ 1/70 లేదు. అడవి లోపల మనకు మిగిలిన గట్టి పట్టు 2006 అటవీ హక్కుల చట్టమే. సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును, చెంచుల వంటి సమూహాలకు ఆవాస హక్కును అది గుర్తించింది. బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు వంటి 13 అవసరాలకు అటవీ భూమి ఇవ్వాలన్నా గ్రామసభ సిఫారసు కావాలంది. ఆ జాబితాలో పర్యాటక విడిది లేదు. వన్యప్రాణుల కోసం గూడేన్ని తరలించాలంటే గ్రామసభ రాతపూర్వక సమ్మతి కావాలని, అట్లా ఖాళీ చేయించిన చోటును తర్వాత ఇంకో పనికి వాడకూడదని కూడా చెప్పింది. ఈ చివరి మాట ప్రతి గూడెంలో చదివి వినిపించాలి. పులి కోసం లేచిపోయిన ఊరి మీద రేపు గుడారం లేవకూడదు.

ఇప్పుడు ఎందుకు తొందర అంటే, గాలి అటు వీస్తోంది. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపింది. అక్టోబరులో మార్గదర్శకాలు వచ్చాక ఆ నిషేధం ఎత్తేసింది. కోర్‌లో కొత్త పర్యాటక కట్టడాలు వద్దని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, పులుల సంరక్షణ ప్రణాళిక వంటి వాటిలో చేర్చిన ఎకోటూరిజం సౌకర్యాలు 'అటవీయేతర' పని కిందికి రావన్నారు. చెంచు పిల్లల బడి గదికి గ్రామసభ, చెట్ల లెక్క కావాలి. విడిదికి ప్రణాళికలో ఒక పేరా ఉంటే దారి సులువు.

మరి ప్రకృతికి హాని చేయని విడిది ఎట్లా ఉండాలి? నాలుగు ప్రశ్నలు అడిగితే తేలిపోతుంది. పెట్టాలా వద్దా, ఎన్ని గుడారాలు, ఎన్ని జీపులు అన్నది గూడెం సభలో తీర్మానం అయిందా? టిక్కెట్టు డబ్బు లెక్క ఆ సభలో చదివి వినిపిస్తున్నారా? ఎండాకాలంలో జంతువుల తొట్లకే ట్యాంకరుతో నీళ్లు పోయాల్సి వచ్చే అడవిలో, విడిది స్నానాల గదికి నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతోంది? రోడ్డు, కరెంటు విడిది దగ్గర ఆగిపోయాయా, గూడెం దాకా వెళ్లాయా? వీటికి జవాబు లేని చోట వెదురు తడికలు, మట్టి రంగు గోడలు ఎన్ని ఉన్నా అది అడవిలో పెట్టిన హోటలే.

ఇది సాధ్యం కాని కోరిక అనుకోవద్దు. కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్టలో సోలిగలు 2011లో పులుల అభయారణ్యంలోనే సామూహిక అటవీ హక్కులు సాధించుకున్నారు. అడవి వాళ్లదని కాగితం మీద పడ్డాక, వచ్చినవాడు అతిథి అవుతాడు. కాగితం లేనంతవరకు వచ్చినవాడు యజమాని, ఉన్నవాడు పనివాడు.

ఆదివాసీ రచయితలుగా మన పని కూడా ఇందులో ఉంది. నల్లమల గురించి వచ్చే యాత్రా రచనల్లో జలపాతాలకు పేర్లుంటాయి, పులులకు సంఖ్యలుంటాయి, దారి చూపిన మనిషి మాత్రం 'మా గైడు' అయి మిగులుతాడు. ఆ గైడు తన బాటలను, తన పెంటల పేర్లను, ఎవరి తాత ఏ కనుమకు కావలి ఉన్నాడో తనే చెప్పి రాయించాలి. అటవీ హక్కుల కమిటీ ముందు పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే అని నిబంధనలే చెబుతున్నాయి. ఆ పెద్దలు ఉండగానే రాసుకోవాలి.