ఆ పూలు చూసింది ఇద్దరు

ఇంగ్లీషు వాచకం పుణ్యమా అని డాఫొడిల్ పువ్వు మనలో చాలామందికి కంటితో చూడకముందే కంఠతా వచ్చేసింది. పసుప్పచ్చగా ఉంటుందని తెలుసు, గాలికి ఊగుతుందని తెలుసు, పరీక్షలో దానిమీద ప్రశ్న తప్పకుండా వస్తుందనీ తెలుసు. వర్డ్స్‌వర్త్ మహాకవి ఒంటరిగా కొండల్లో తిరుగుతూ ఆ పూలగుంపును చూసి పరవశించిపోయాడని మేష్టారు చెబితే నమ్మేశాం. మన భావకవుల కాలంనుంచీ ఆయన మనింటి మనిషే కనక అనుమానించాలని తోచనూ లేదు.

ఆయన ఒంటరిగా లేడండీ. పక్కన చెల్లెలు డొరతీ ఉంది.

ఆ రోజు 1802 ఏప్రిల్ 15, గురువారం. మర్నాడు గుడ్‌ఫ్రైడే. ఆయనకి 32 ఏళ్ళు, ఆవిడకి 30. ఉత్తర ఇంగ్లండులో అల్స్‌వాటర్ సరస్సు పక్కన స్నేహితులింట్లో మధ్యాహ్నం భోజనం చేసి, గ్రాస్‌మియర్‌లోని తమ ఇంటికి కాలినడకన బయల్దేరారు. దారిలో ఒక రాత్రి మజిలీ. మొత్తం ఇంచుమించు 20 మైళ్ళు. ఈ సంగతులన్నీ మనకి డొరతీ రాసుకున్న డైరీవల్లే తెలిశాయి. ‘గ్రాస్‌మియర్ జర్నల్’ అంటారు దాన్ని. ఎవరో అచ్చువేస్తారని రాసింది కాదు. 1800 మే నెలలో అన్న ఊరెళ్ళినప్పుడు, తిరిగొచ్చాక చదివి సంతోషిస్తాడని మొదలుపెట్టింది.

ఆ గురువారం పద్దులో ముందు కనిపించేది పూలు కాదు, గాలి. ఊపిరి ఆడనివ్వని గాలి. సాగనంపుతూ కూడా వచ్చిన ఇంటావిడ కాస్త దూరం నడిచి వెనక్కి వెళ్ళిపోయింది. వీళ్ళిద్దరూ పడవల కొట్టంలో కాసేపు, ముళ్ళపొద చాటున కాసేపు ఆగి మళ్ళీ నడిచారు. గౌబారో తోపు దాటాక నీటి అంచున ముందు ఓ నాలుగు పూలు కనిపించాయి. తర్వాత ఇంకొన్ని. ఆ తర్వాత చెట్లకింద ఒడ్డు పొడవునా పూలే. ఎంత వెడల్పున? బండ్లు నడిచే రోడ్డంత వెడల్పున అంటుంది డొరతీ. ఆ పూలలో కొన్ని, అలిసిపోయిన మనిషి తలగడ మీద తల వాల్చినట్టు, నాచు పట్టిన రాళ్ళమీద వాలిపోయి ఉన్నాయట. మిగిలినవి గాలితో ఆటలాడుతున్నాయట.

నన్ను పట్టి ఆపింది ఆ అలిసిపోయిన పూలే. వర్డ్స్‌వర్త్ తన పద్యాన్ని రెండేళ్ళ తర్వాత 1804 ప్రాంతంలో రాసి, 1807లో అచ్చువేశాడు. అందులో పూలన్నీ నాట్యం చేస్తాయి, ఒక్కదానికీ అలసట లేదు. మనిషిని నిలబడనివ్వని గాలి పద్యంలోకి వచ్చేసరికి పిల్లగాలి అయిపోయింది. ఆయన పూలను వేలల్లో లెక్కకట్టాడు, ఆవిడ రోడ్డుతో కొలిచింది. పొడుగు గౌను ఈడ్చుకుంటూ ఎదురుగాలిలో మైళ్ళకి మైళ్ళు నడిచిన ఆడమనిషికే పువ్వులో కూడా అలసట కనిపిస్తుందని నాకనిపిస్తుంది. పోలికకి ఆవిడ ఎక్కడెక్కడికో పోలేదు చూడండి. తలగడ, రోడ్డు. అంతే.

తర్వాత వాన పట్టుకుంది. తడిసిముద్దయి ప్యాటర్‌డేల్‌లో పూటకూళ్ళింటికి చేరి పొడిబట్టలు కట్టుకున్నారు. అక్కడి పూటకూళ్ళమ్మ ముఖం ముటముటలాడుతూనే ఉందట, అది ఆవిడ తీరే తప్ప మనసులో ఏమీ లేదట. ఉప్పులో ఊరేసిన పంది మాంసం, బంగాళాదుంపలు పెట్టింది. బాగున్నాయని మెచ్చుకుని, వచ్చేటప్పుడు 7 షిల్లింగులు ఇచ్చామని కూడా రాసుకుంది డొరతీ. రాత్రి నిప్పు పక్కన కూర్చుని వేణ్ణీళ్ళలో రమ్ము కలుపుకు తాగుతూ, మేరీ కూడా ఉంటే ఎంత బాగుండునో అనుకున్నారు. మేరీ అంటే ఆ అక్టోబరులో వర్డ్స్‌వర్త్ పెళ్ళాడబోయే అమ్మాయి.

చెల్లెలి మాటలు అన్నగారు కాజేశాడని కొందరు కోప్పడతారు. నేనా కోపంలో చేరను. ఆయన రాసింది పూల గురించి కాదు, పూలు కనుమరుగయ్యాక గదిలో ఒంటరిగా పడుకున్నవాడి మనసులో ఏం మిగులుతుందన్న దాన్ని గురించి. ఆ పద్యంలో రెండో మనిషికి చోటు లేదు, పంది మాంసానికి అసలే లేదు. పోతే, మనసులోని కన్ను గురించీ ఏకాంతంలోని హాయి గురించీ చెప్పే రెండు పాదాలూ భార్య మేరీ ఇచ్చినవేనని ఆయనే ఒప్పుకున్నాడు, అవే మంచి పాదాలని కూడా అన్నాడు. అప్పటికావిడ చంటిపిల్లాడి తల్లి. ఏకాంతం ఎలా ఉంటుందో ఆవిడకి ఎవరు చెప్పారో మరి!

అసలు డొరతీ మాటల బలం ఆయనకి తెలుసు. 1802 మార్చి 13న, ఆవిడ ఎప్పుడో డైరీలో రాసుకున్న ఒక బిచ్చగత్తె పిల్లాడి ముచ్చట చదివి వినిపిస్తే, ఆ మాటలే నోటికి అడ్డుపడి ఆయన పద్యం ముందుకి సాగలేదు. విసిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న ఫలహారం దగ్గర మరో పద్యం, సీతాకోకచిలుక మీద, తన్నుకొచ్చింది. ముందున్న గిన్నెలో చారు అలాగే ఉండిపోయింది, పళ్ళెంలో రొట్టె ముక్క తుంచలేదు, కాళ్ళకి మేజోళ్ళయినా తొడుక్కోలేదు. ఇదంతా కూడా డొరతీ రాసిందే. చల్లారిపోతున్న చారుని చూస్తూ కూర్చున్న మనిషికి తప్ప ఇంకెవరికి కనిపిస్తుంది చెప్పండి? ఏ మహాకవికైనా కావ్యం పుట్టిన వేళ ఇంత దగ్గరగా చూసి రాసిపెట్టిన వాళ్ళున్నారా?

నా కోపమల్లా విలియమ్ నైట్ అనే పండితుడి మీద. 1897లో ఈ డైరీని అచ్చువేసిందాయనే, అందుకు నమస్కారం పెట్టాల్సిందే. కానీ అన్న చొక్కాలు కుట్టాననో, గుడ్ల కోసం వెళ్ళాననో, ఆయన పుల్లలు ఏరుకొచ్చాడనో చెల్లెలు రాసుకున్నవన్నీ అచ్చువెయ్యక్కర్లేదని పీఠికలో చెప్పి మరీ కత్తెర పట్టాడు. పూలు సాహిత్యమూ, గుడ్లు కావూనా! పాల లెక్క రాసిన పుస్తకంలోనే వెనకపేజీలో నాలుగు వాక్యాలు రాసుకునే వాళ్ళం మనం. చొక్కా చిరుగు చూసిన కన్నూ, పువ్వు అలసట చూసిన కన్నూ ఒకటేనని ఆ నైట్‌గారికి తట్టనేలేదు. చిరుగు తీసేసి పువ్వుని ఉంచితే మిగిలేది అందమైన ముక్కలు, మనిషి కాదు. తర్వాతి పండితులు ఆ కత్తిరింపులు తిరిగి అతికించి, 1941లో ఒకసారి, 1991లో మరోసారి నిండుగా అచ్చువేశారు. దొరికితే అలాంటి ప్రతినే చదవండి.

చదివితే చివరి పేజీలు వదలకండి. 1803 జనవరి, ఎముకలు కొరికే చలి. అన్నగారికి జింజర్‌బ్రెడ్, అంటే అల్లం వేసిన తీపి రొట్టె, తినాలనిపించింది. డొరతీ పనిమనిషి దుప్పటంగీ కప్పుకుని ఊళ్ళో ఆ రొట్టెలమ్మే గుడ్డి ముసలాయన ఇంటికి వెళ్ళింది. వీళ్ళకి కావలసినవి దళసరివి, అక్కడున్నవి పల్చనివి. అయినా ఆరు పెన్నీలవి కొంది. డబ్బు చేతిలో పెడితే వాళ్ళు పడ్డ సంతోషం చూసి, ఇంట్లో మేమే చేసుకోబోతున్నామని చెప్పడానికి నోరు రాలేదట. దళసరివి తెప్పించడానికి చూస్తామన్నాడు ముసలాయన. మర్నాడు వీళ్ళింట్లో రొట్టెలు కాలుతూ ఉండగానే ఆ ఇంటామె దళసరివి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇంకో రెండు పెన్నీలవి కొన్నారు.